అంబులెన్స్‌కు లైట్లు, సైరన్ పెట్టించాలంటే: కొనడం నుంచి రోడ్డెక్కేదాకా చట్టం అడిగేవన్నీ

అమెరికాలోనో బెంగళూరులోనో స్థిరపడినవాళ్లు తలా కొంత వేసుకుని సొంతూరికి అంబులెన్స్ కొనివ్వడం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కనిపించే మంచి పని. చిన్న నర్సింగ్ హోమ్‌లు, ట్రస్టులు కూడా కొంటుంటాయి. ఏ కంపెనీ బండి తీసుకోవాలి, ఆక్సిజన్ సిలిండర్లు ఎన్ని పట్టాలి, స్ట్రెచర్ ఎలాంటిదైతే బాగుంటుంది అని నెలల తరబడి ఆలోచిస్తారు. లైట్లు, సైరన్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం “షాపువాళ్లు చూసుకుంటారులే” అని వదిలేస్తారు. షాపువాళ్లు తమ దగ్గర ఉన్న ఎర్ర-నీలం లైట్ బార్ ఒకటి, రకరకాల కూతలు కూసే సైరన్ ఒకటి బిగించి పంపేస్తారు. అవి ఎవరి అనుమతితో పెట్టారన్న ప్రశ్న తర్వాతెప్పుడో, ఫిట్‌నెస్‌కు తీసుకెళ్లినప్పుడో, కూడలిలో ప్రమాదం జరిగి కేసు నమోదైనప్పుడో వస్తుంది. అప్పుడు జవాబు చెప్పాల్సింది షాపువాళ్లు కాదు, ఆర్సీలో పేరున్న మనిషి.

అందుకే ఈ మార్గదర్శి ముఖ్యంగా అంబులెన్స్ కొనేవాళ్ల కోసం, నడిపించేవాళ్ల కోసం. దారి ఇవ్వాల్సిన మామూలు డ్రైవర్లకు కావలసింది చివర్లో ఉంది.

ముందుగా ఒక విషయం మనసులో పెట్టుకోండి. మన చట్టం ప్రకారం సైరన్ హోదాను బట్టి రాదు. బండికైనా శాశ్వతంగా రాదు. బండి ఆ రకానిదై ఉండాలి, బిగించిన పరికరానికి అనుమతి ఉండాలి, మోగించే సమయంలో నిజంగా అత్యవసరం ఉండాలి. ఈ మూడింట్లో ఏ ఒక్కటి లేకపోయినా అది మిగతా బండ్లలాంటి బండే.

చట్టం ఎక్కడెక్కడ రాసి ఉంది

ఒకే పుస్తకంలో దొరకదు, అదే చిక్కు. మోటారు వాహనాల చట్టం, 1988లో శిక్షలు, బండి మార్పులు, రిజిస్ట్రేషన్ ఉంటాయి. కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లో 108వ నియమం లైట్ల గురించి, 119వ నియమం హారన్లు, సైరన్ల గురించి చెబుతాయి. రోడ్డు మీద ఎవరు ఎవరికి దారి ఇవ్వాలో, అత్యవసర వాహనం ఎంతవరకు మినహాయింపు తీసుకోవచ్చో 2017 నాటి మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనల్లో ఉంది. రాత్రిపూట, ఆసుపత్రుల దగ్గర శబ్దం విషయానికి 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చూడాలి. వీటికి తోడు 2013 డిసెంబరులో అభయ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఉంది. ఎర్రబుగ్గ కార్ల విషయంలో దేశమంతటా వచ్చిన మార్పు అక్కడే మొదలైంది.

మొదటి అడుగు: మీ బండికి అసలు అర్హత ఉందా

లైట్ల అర్హత, సైరన్ అర్హత రెండూ ఒకటే అనుకుంటారు. కాదు. రెండు నియమాల్లో రెండు జాబితాలు ఉన్నాయి.

ఎరుపు, నీలం, తెలుపు కలిసిన బహుళరంగు లైట్లకు 108వ నియమంలో ఉన్న జాబితా చిన్నది. అగ్నిమాపక విధుల బండ్లు. శాంతిభద్రతల కోసం పోలీసు, సైనిక, పారామిలటరీ బలగాలు వాడే బండ్లు. భూకంపం, వరద, తుఫాను, సునామీ, కొండచరియలు విరిగిపడటం లాంటి ప్రకృతి విపత్తులకు, అణు, రసాయన, జీవ సంబంధమైన మానవకృత విపత్తులకు కేటాయించిన బండ్లు. అంతే. ఇవి కూడా ఆ విధి మీద లేనప్పుడు ఆ లైట్లు వేయకూడదు. అనుమతి ఉన్న బండి ముందు అద్దం మీద రవాణా శాఖ ఇచ్చిన స్టిక్కర్ ఉండాలి. ఏ ఏ అధికార సంస్థలకు అనుమతి ఇచ్చారో రవాణా శాఖ ఏటా ప్రజలకు బహిరంగ ప్రకటన ద్వారా తెలపాలి.

సైరన్ జాబితా 119వ నియమంలో ఉంది. అంబులెన్సులు, మంటలు ఆర్పే బండ్లు, ప్రమాదాల్లో చిక్కిన వాటిని వెలికితీసే బండ్లు, పోలీసు అధికారుల బండ్లు, విధి నిర్వహణలో ఉన్న రవాణా శాఖ అధికారుల బండ్లు, నిర్మాణ యంత్రాల వాహనాలు. వీటికి కూడా ఊరికే రాదు. బండి ఏ పరిధిలో ఉంటే అక్కడి రిజిస్టరింగ్ అధికారి, అంటే ఆర్టీఓ, ఆమోదించిన శబ్ద సంకేతాన్నే (సైరన్ శబ్దాన్నే) వాడాలి.

ఈ రెండు జాబితాల్లోనూ ఎమ్మెల్యే కారు లేదు. మండలాధ్యక్షుడి బండి లేదు. డాక్టర్ సొంత కారు, ప్రెస్ బండి, సెక్యూరిటీ ఏజెన్సీ జీపు, అపార్ట్‌మెంట్ సంఘం వాళ్ల పెట్రోలింగ్ బండి ఏవీ లేవు. ఒకప్పుడు ఉన్నత పదవుల్లో ఉన్నవాళ్లకు ఎర్రలైటు ఇచ్చే వెసులుబాటు ఉండేది. సుప్రీంకోర్టు 2013లో దాన్ని రాజ్యాంగ పదవుల్లోని ఉన్నతస్థాయి వ్యక్తులకే కుదించమంది. 2017 ఏప్రిల్ 19న కేంద్ర మంత్రివర్గం మొత్తానికే తీసేయాలని నిర్ణయించింది. మే 1 నుంచి రాష్ట్రపతి, ప్రధానితో సహా ఎవరికీ లేదు. కాబట్టి ఇప్పుడు సొంత కారు మీద ఎర్రబుగ్గతో ఎవరు కనిపించినా దానికి చట్టంలో ఆధారం లేదు.

శవాలను తీసుకెళ్లే బండి గురించి కొంచెం వివరంగా చెప్పాలి. జిల్లా కేంద్రాల్లో, చిన్న పట్టణాల్లో ఎక్కువ దుర్వినియోగం జరిగేది ఇక్కడే. వైకుంఠ రథం, మహాప్రస్థానం బండి అత్యవసర వాహనాలు కావు. మోటారు వాహనాల చట్టంలో పర్మిట్ మినహాయింపులు ఇచ్చే 66వ సెక్షన్ కూడా అంబులెన్స్ పనికి వాడే బండిని ఒక చోట, శవాన్ని, వెంట వచ్చే బంధువులను తీసుకెళ్లే బండిని వేరే చోట చెప్పింది. చట్టం దృష్టిలో రెండూ వేర్వేరు. ఇక రెండు పనులకూ ఒకే అంబులెన్స్ వాడే చోట, శవంతో తిరిగి వెళ్లేటప్పుడు సైరన్ వేయడానికి ఆధారం లేదు. కుటుంబం బాధలో ఉంటుంది, “త్వరగా పోనివ్వు బాబూ” అని బతిమాలుతుంది. అయినా డ్రైవర్ స్విచ్ ముట్టకూడదని యజమాని ముందే తేల్చి చెప్పాలి. ఆ సైరన్ విని పక్కకు జరిగిన మనిషి, లోపల ఉన్నది రోగి కాదని తెలిస్తే మరోసారి జరగడానికి ఆలోచిస్తాడు. దాని ఫలితం అనుభవించేది తర్వాత వచ్చే రోగి.

రెండో అడుగు: లైటు రంగు తేల్చుకోవడం

అంబులెన్స్ యజమానులకు ఎక్కువ టెన్షన్ పెట్టే అడుగు ఇదే. దీనికి కారణం నియమాల్లోనే ఉంది.

మోటారు బండి ముందువైపు ఎర్రలైటు, వెనకవైపు ఎరుపు కాని లైటు చూపకూడదన్నది 108వ నియమంలోని ప్రాథమిక సూత్రం. దానికి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. ఇండికేటర్ పసుపు లైటు, లోపలి లైటు, నంబరు ప్లేటు లైటు, రివర్స్ లైటు లాంటివి. అదే వరుసలో రోగులను తీసుకెళ్లే అంబులెన్స్‌కు ఊదారంగు అద్దం ఉన్న మిణుకుమనే ఎర్రలైటు కూడా ఉంది. నియమం అంబులెన్స్ పేరు పెట్టి ఇచ్చిన లైటు అదే. పైన చెప్పిన ఎరుపు-నీలం-తెలుపు జాబితాలో మాత్రం అంబులెన్స్ అనే మాట లేదు.

మరోవైపు 2013 తీర్పులో సుప్రీంకోర్టు అంబులెన్స్, అగ్నిమాపక, అత్యవసర మరమ్మతుల బండ్లు ఎర్రలైటు కాకుండా నీలం, తెలుపు, బహుళరంగు లాంటివి వాడుకోవచ్చని చెప్పింది. ఇక బజారులో అమ్మేవి ఎక్కువగా ఎర్ర-నీలం బార్లే. రోడ్ల మీద తిరిగే అంబులెన్సుల్లోనూ అవే కనిపిస్తాయి.

ఇలాంటి చోట నా సలహా ఒక్కటే: మీరే అర్థం చెప్పుకుని బిగించొద్దు. రోడ్డు అంబులెన్సుల కోసం దేశవ్యాప్తంగా ఏఐఎస్-125 అనే ప్రమాణం ఉంది. అంబులెన్సులను ఏ, బీ, సీ, డీ అని నాలుగు రకాలు చేసింది. ఏ రకం మొదట చేరి ప్రథమ చికిత్స చేసేది, బీ రకం రోగిని తరలించేది, సీ రకం ప్రాథమిక ప్రాణరక్షణ, డీ రకం ఉన్నత ప్రాణరక్షణ సౌకర్యాలున్నవి. బండి బయట ఎలా కనిపించాలి, రంగు, గుర్తులు, హెచ్చరిక లైట్లు ఎలా ఉండాలి అన్నవి కూడా ఆ ప్రమాణం పరిధిలోకి వస్తాయి. ఆ ప్రమాణం ప్రకారం తయారై, పరీక్షా సంస్థ ఆమోదం పొందిన బండికి కంపెనీ ఏ లైట్లు పెట్టి ఇచ్చిందో వాటినే ఉంచండి. రిజిస్ట్రేషన్ సమయంలో అదే విషయం రాతపూర్వకంగా ఆమోదింపజేసుకోండి. దాని పైన ఇంకో బార్, గ్రిల్‌లో టపటపా మెరిసే స్ట్రోబ్ లైట్లు, వెనక అద్దంలో పోలీసు బండిలా నీలం ఫ్లాషర్ అంటూ అదనపు సొగసులు వద్దు. అమెరికాలోని దాతలు అక్కడి అంబులెన్స్ ఫొటో పంపి “ఇలాగే ఉండాలి” అంటే, అక్కడి చట్టం వేరు, ఇక్కడి చట్టం వేరు అని మర్యాదగా చెప్పండి.

పసుపు టాప్ లైటు గురించి కూడా అడుగుతుంటారు. విమానాశ్రయం, ఓడరేవు లాంటి ఆవరణ లోపల తిరిగే బండ్ల విషయంలో నియమం దాన్ని ప్రత్యేకంగా ప్రస్తావించింది, బయటి రోడ్డు ఎక్కకూడదన్న షరతుతో. మామూలు కారు మీద పెట్టుకోవడానికి అది ఆధారం కాదు. ముందువైపు స్పాట్ లైటు, సెర్చ్ లైటు పెట్టాలన్నా 111వ నియమం ప్రకారం రిజిస్టరింగ్ అధికారి ఆమోదం కావాలి, అదీ అసాధారణ పరిస్థితుల్లోనే.

గుర్తు విషయం కూడా ఇక్కడే చెప్పేస్తాను. అంబులెన్స్ మీద ఎర్ర శిలువ గుర్తు వేయించొద్దు. జెనీవా ఒప్పందాల చట్టం, 1960 ప్రకారం కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా ఆ గుర్తు వాడటం నేరం. జరిమానా 500 రూపాయల దాకానే, కానీ ఆ గుర్తు యుద్ధంలో వైద్య సిబ్బందికి రక్షణ కవచం. దాన్ని పలచన చేయకూడదు. ఆరు కొమ్మల నీలి నక్షత్రం, ముందువైపు అద్దంలో చూస్తే సరిగ్గా కనిపించేలా తిరగేసి రాసిన అంబులెన్స్ అక్షరాలు సరిపోతాయి.

మూడో అడుగు: సైరన్ ఎంపిక

119వ నియమం మామూలు బండ్లకు వరసగా వేర్వేరు స్వరాలు పలికే హారన్‌ను, చెవులు చిల్లులు పడేలా కర్కశంగా మోగే పరికరాన్ని నిషేధిస్తుంది. సైరన్ అంటే సరిగ్గా అదే కాబట్టి, పైన చెప్పిన జాబితాలో లేని ఏ బండికైనా అది మొదటి రోజు నుంచే నిషిద్ధం. స్విచ్ వేయకపోయినా బిగించడమే తప్పు.

అంబులెన్స్‌కు కొనేటప్పుడు స్వరాల సంఖ్య చూసి మోసపోకండి. పని చేసేవి రెండు మూడే. పొడవుగా ఎక్కి దిగే వెయిల్ తిన్నని రోడ్డు మీద దూరానికి వినపడుతుంది. త్వరత్వరగా తిరిగే యెల్ప్ కూడలి దగ్గర చెవిని పట్టుకుంటుంది. రెండు స్వరాలు మారుతూ పలికేది హై-లో. మన జనం నోట “కుయ్ కుయ్” అని పడిపోయినవి ఇలాంటి శబ్దాలే; 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 అంబులెన్స్ సేవ మొదలయ్యాక ఆ మాట ఊరూరా పాకింది. దేవుడి పాటలు, జంతువుల అరుపులు, పోలీసు మైకు గొంతు వినిపించే పరికరాలు వదిలేయండి. ఆమోదం అడిగేటప్పుడు ఏ స్వరాలు ఉన్నాయో రాసివ్వాలి. జాబితా చిన్నదైతే సమాధానం సులువు.

స్పీకర్ ఎక్కడ పెట్టాలన్నది కూడా ముఖ్యమే. పైకప్పు మీద పెడితే శబ్దంలో చాలా భాగం క్యాబిన్‌లోకి దిగుతుంది. డ్రైవర్ చెవులు, రోగి గుండెదడ, వెనక కూర్చున్న టెక్నీషియన్ స్టెతస్కోప్ అన్నీ దెబ్బతింటాయి. ముందు గ్రిల్ వెనకో బంపర్ దగ్గరో ఉంటే శబ్దం ఎదుటి కార్ల వైపు నేరుగా వెళుతుంది. వైరింగ్‌కు విడిగా ఫ్యూజు, రిలే పెట్టించండి. లోపల ఆక్సిజన్ ఉన్న బండిలో జాయింట్లు టేపుతో చుట్టి వదిలేయడం ప్రాణాలతో చెలగాటం.

నాలుగో అడుగు: కొనుగోలు, కాగితాలు

కంపెనీ నుంచే పూర్తి అంబులెన్స్‌గా వచ్చే బండి కొనడం అన్నిటికంటే మంచిది. రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు ఫారం 20, అమ్మకం ధ్రువపత్రం ఫారం 21, తయారీదారు ఇచ్చే ఫారం 22 ఉంటే పని నడుస్తుంది. ఛాసిస్ మాత్రమే కొని బాడీ బిల్డర్ చేత కట్టిస్తే ఫారం 22-ఏ కావాలి, అందులో బాడీ కట్టినవాళ్ల ధ్రువీకరణ కూడా ఉంటుంది. ఆ కాగితం ఇవ్వలేమనే బాడీ బిల్డర్ దగ్గర ఎంత తక్కువ ధరకు వచ్చినా కట్టించొద్దు.

పాత వ్యాన్‌ను అంబులెన్స్‌గా మార్చడం మూడో దారి. డబ్బు తక్కువ అవుతుందని చాలామంది దీన్నే ఎంచుకుంటారు. దీనిలోనే ఇబ్బందులు ఎక్కువ. చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు మొదట పేర్కొన్న వివరాలకు, ఆర్సీలోని వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. మార్పు చేయాలంటే ముందు అనుమతి తీసుకోవాలి. ఆ అనుమతితో మార్పు చేసిన 14 రోజుల్లోపు రిజిస్టరింగ్ అధికారికి తెలిపి ఆర్సీలో ఎక్కించుకోవాలి. ముందు మార్చేసి తర్వాత అడిగితే, అడిగినట్టు కాదు, నేరం ఒప్పుకున్నట్టు.

అంబులెన్స్‌ను చట్టం రవాణా వాహనంగా చూస్తుంది. కాబట్టి ఫిట్‌నెస్ తప్పనిసరి. కొత్త బండికి మొదటి రెండేళ్లు, ఆ తర్వాత ఎనిమిదేళ్ల వయసు వచ్చేదాకా రెండేళ్లకోసారి, అక్కడి నుంచి ఏటా. కేవలం అంబులెన్స్ పనికే వాడే బండికి 66వ సెక్షన్ కింద పర్మిట్ అక్కర్లేదు. వేగ నియంత్రణ పరికరం నుంచి కూడా అంబులెన్స్‌కు, అగ్నిమాపక బండికి, పోలీసు బండికి 118వ నియమం మినహాయింపు ఇచ్చింది. బీమా తీసుకునేటప్పుడు బండి రకం అంబులెన్స్ అనే రాయించండి, బిగించిన పరికరాలు చెప్పండి. చెప్పకుండా దాచిన మార్పులు క్లెయిమ్ రోజున బయటపడతాయి.

ఐదో అడుగు: ఆర్టీఓ దగ్గర రాతపూర్వక ఆమోదం

చాలామంది ఈ అడుగు వేయరు. “అంబులెన్స్ అని ఆర్సీలో ఉంది కదా, ఇంకేం కావాలి” అంటారు. 119వ నియమం బండిని బట్టి మినహాయింపు ఇచ్చి ఊరుకోలేదు, శబ్ద సంకేతానికి రిజిస్టరింగ్ అధికారి ఆమోదం అడిగింది. కాబట్టి అది అడిగి తీసుకోవాలి.

తెల్లకాగితం మీద అర్జీ చాలు. బండి నంబరు, ఛాసిస్ నంబరు, ఆర్సీలో రాసిన రకం, యజమాని సంస్థ పేరు, బండి ఎక్కడ ఉంచుతారో రాయండి. సైరన్ తయారీ పేరు, మోడల్, అందులోని స్వరాలు, స్పీకర్ ఎక్కడ బిగించారో రాయండి. లైట్ల రంగు, సంఖ్య, స్థానం రాయండి. నాలుగు వైపుల నుంచి తీసిన ఫొటోలు, కొన్న బిల్లు, తయారీదారు ఆమోద పత్రం నకలు జత చేయండి. ఏ నియమం కింద అడుగుతున్నారో స్పష్టంగా రాయండి: “కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లోని 119వ నియమం, మూడో ఉపనియమం కింద శబ్ద సంకేతానికి ఆమోదం కోరుతున్నాము” అని. రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకదాని మీద అందినట్టు ముద్ర వేయించుకోండి. అది మీకు బంగారం.

కౌంటర్‌లో “ఇలాంటిది మేము ఇవ్వం” అనే జవాబు రావచ్చు. అప్పుడు వాదన పెట్టుకోకుండా, ఇవ్వలేమనే మాటను కాగితం మీద కోరండి. ఆమోదం వచ్చాక దాని నకలు ఆర్సీ, ఫిట్‌నెస్, బీమా, కాలుష్య ధ్రువపత్రంతో కలిపి బండిలో ఉంచండి.

ఆరో అడుగు: డ్రైవర్‌కు నేర్పించాల్సింది

కాగితాలన్నీ సరిగ్గా ఉన్నా, తప్పు ఎక్కువగా జరిగేది స్టీరింగ్ దగ్గర. ఏడున్నర టన్నుల లోపు రవాణా వాహనాన్ని తేలికపాటి మోటారు వాహన లైసెన్సుతో నడపవచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది కాబట్టి లైసెన్సు సమస్య తగ్గింది. లైసెన్సు ఉన్న ప్రతివాడూ సైరన్ బండి నడపలేడు. దానికి వేరే ఓర్పు కావాలి.

2017 నాటి డ్రైవింగ్ నిబంధనలు అత్యవసర విధిలో ఉన్న బండికి మూడు వెసులుబాట్లు ఇస్తాయి: తగిన జాగ్రత్తతో ఎర్ర సిగ్నల్ దాటవచ్చు, వేగ పరిమితి మించవచ్చు, రోడ్డు అంచు మీదుగానో వన్‌వేకు ఎదురుగానో వెళ్లవచ్చు. ఇందులో బరువైన మాట “తగిన జాగ్రత్తతో” అన్నది. ప్రమాదం జరిగితే కోర్టు చూసేది ఆ జాగ్రత్తనే. సైరన్ మోగుతోందన్నది నిర్లక్ష్యానికి రక్షణ కాదు. నిర్లక్ష్యంగా నడిపి మనిషి చావుకు కారణమైతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు ఉంది, అది అంబులెన్స్ డ్రైవర్‌కూ వర్తిస్తుంది.

ఒకేసారి రెండు అత్యవసర బండ్లు కలిస్తే వరస కూడా ఆ నిబంధనల్లోనే ఉంది. మొదట అగ్నిమాపక బండి, తర్వాత అంబులెన్స్, ఆ తర్వాత పోలీసు, ఆపైన నీరు, కరెంటు లాంటి అత్యవసర సేవల మరమ్మతుకు కేటాయించిన బండి. అంబులెన్స్ డ్రైవర్లలో చాలామందికి ఫైరింజన్‌కు తామే దారి ఇవ్వాలని తెలియదు.

ఎప్పుడు వేయాలి? ప్రాణానికో, ఆరోగ్యానికి తీవ్రంగానో, ఆస్తికి పెద్దగానో ముప్పు ఉన్నప్పుడు. రోగిని తీసుకురావడానికి వెళ్లేటప్పుడు అత్యవసర పిలుపు అయితే వేయవచ్చు. డయాలసిస్‌కు క్రమం తప్పకుండా వచ్చే రోగిని దింపేటప్పుడు, డిశ్చార్జి అయినవాళ్లను ఇంటికి చేర్చేటప్పుడు, ఖాళీగా షెడ్డుకు వచ్చేటప్పుడు, డీజిల్ కొట్టించుకోవడానికి వెళ్లేటప్పుడు వేయకూడదు. వెనక ఉన్న టెక్నీషియన్ రోగి స్థితి చూసి చెప్పాలి, డ్రైవర్ వినాలి. ఇద్దరిలో నిర్ణయం ఎవరిదో యజమాని ముందే రాసి పెట్టడం మంచిది.

కూడలి దగ్గర నేర్పాల్సిన పద్ధతి ఇది. దూరం నుంచే యెల్ప్‌కు మార్చాలి. ఎర్ర సిగ్నల్ ఉంటే దాదాపు ఆగే వేగానికి రావాలి. అడ్డంగా వచ్చే ఒక్కో వరుసను విడివిడిగా చూడాలి. దగ్గరి వరుసలోని లారీ ఆగినంత మాత్రాన దాని చాటున వస్తున్న బైకు ఆగినట్టు కాదు. అద్దాలు ఎత్తి ఏసీలో పాటలు పెట్టుకున్న కారుకు సైరన్ చాలా దగ్గరికి వచ్చేదాకా వినపడదు. అది ఏ వైపు నుంచి వస్తోందో కూడా తెలియదు. అవతలి డ్రైవర్ కళ్లు తన మీద పడ్డాయని తెలిశాకే దాటాలి. రెండు అంబులెన్సులు వెంటవెంటనే వెళుతుంటే వెనకది వేరే స్వరం పెట్టాలి, మధ్యలో దూరం ఉంచాలి. లేకపోతే మొదటిది పోగానే జనం రోడ్డు మూసేస్తారు.

రాత్రి విషయం. శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు నివాస ప్రాంతాల్లో, ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్ల నిశ్శబ్ద ప్రాంతంలో ఎప్పుడైనా, ప్రజా అత్యవసరంలో తప్ప హారన్ వాడకూడదు. రాత్రి రెండు గంటలకు ఖాళీ రోడ్డు మీద సైరన్ మోగిస్తూ ఆసుపత్రి గేటు లోపలికి రావడం వల్ల ఒక్క క్షణం కూడా కలిసిరాదు, లోపల ఉన్న రోగులందరూ ఉలిక్కిపడి లేస్తారు. రోడ్డు ఖాళీగా ఉంటే లైటు చాలు. గేటు కనిపించగానే సైరన్ ఆపేయాలి.

హైవే మీద రోగిని ఎక్కించుకునేటప్పుడు ఇంకో జాగ్రత్త. వెనక తలుపు తెరిస్తే కొన్ని బండ్లలో వెనకవైపు లైట్లు కప్పుకుపోతాయి. హజార్డ్ లైట్లు వేసి, దూరంగా ఎర్ర త్రికోణం పెట్టాకే స్ట్రెచర్ దించాలి.

ఏడో అడుగు: ట్రిప్ పుస్తకం

ప్రతి ట్రిప్‌కు బయలుదేరిన సమయం, ఎక్కడి నుంచి ఎక్కడికి, రోగి స్థితి ఒక్క మాటలో, సైరన్ వాడారా లేదా, ఏ కూడలిలో సిగ్నల్ దాటారు అన్నవి రాయించండి. రోగి పేరు అందరికీ కనపడేలా రాయనక్కర్లేదు, ఆసుపత్రి నంబరు చాలు. కెమెరా చలానా వచ్చినప్పుడు, ప్రమాదంలో విచారణ జరిగినప్పుడు డ్రైవర్‌ను కాపాడేది ఈ పుస్తకమే. డాష్ కెమెరా ఉంటే ఇంకా మంచిది. వారానికోసారి ఆ పుస్తకం యజమాని తిరగేయాలి. ప్రతి ట్రిప్‌కూ సైరన్ అని రాసి ఉంటే డ్రైవర్‌ను కూర్చోబెట్టి మాట్లాడాలి.

దారి ఇవ్వాల్సినవాళ్లకు

2019 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన మోటారు వాహనాల చట్టం 194-ఈ సెక్షన్ ప్రకారం, అగ్నిమాపక బండి, అంబులెన్స్, లేదా రాష్ట్ర ప్రభుత్వం పేర్కొన్న మరే అత్యవసర వాహనం వస్తున్నా పక్కకు జరగని డ్రైవర్‌కు ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ.

వెనక సైరన్ వినగానే గట్టిగా బ్రేకు వేయకండి. అద్దంలో చూసి, ఇండికేటర్ వేసి, ఎడమవైపుకు నెమ్మదిగా జరిగి, వేగం తగ్గించండి. వంతెన మీదో మలుపులోనో ఉంటే జరగడానికి చోటు వచ్చేదాకా ముందుకు సాగండి. సిగ్నల్ దగ్గర ఇరుక్కుంటే దారి ఇవ్వడం కోసం కూడలి మధ్యలోకి దూకకండి, అత్యవసర మినహాయింపు అంబులెన్స్‌కే గాని మీకు లేదు. కొంచెం పక్కకు తిప్పితే చాలాసార్లు సందు దొరుకుతుంది. స్టాప్ లైన్ దాటక తప్పలేదంటే, కెమెరా చలానా వచ్చినప్పుడు తేదీ, సమయం, చోటు రాసి ట్రాఫిక్ పోలీసుల ఈ-చలానా సైటులో అభ్యంతరం పెట్టండి. అంబులెన్స్ వెనకే పట్టుకుని సిగ్నల్ తర్వాత సిగ్నల్ దాటే బైకులు, కార్లు మాత్రం ప్రాణాలతో ఆడుకుంటున్నట్టే. ముందు బండి ఆగితే తప్పించుకునే చోటు ఉండదు.

ఇప్పటికే అనుమతి లేకుండా బిగించి ఉంటే

అర్హత లేని బండి మీద లైటు, సైరన్ ఉంటే ఈరోజే విప్పించండి, వైర్లతో సహా. స్విచ్ తీసేసి పరికరం వదిలేస్తే పని కాదు. చట్ట విరుద్ధంగా బండిని మార్చిన యజమానికి 182-ఏ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. లైటు ఒకటి, సైరన్ ఒకటి అంటే రెండు మార్పులు. శబ్ద ప్రమాణాలు ఉల్లంఘించి నడిపితే 190వ సెక్షన్‌లో మూడు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ, వాటితోపాటు మూడు నెలల పాటు లైసెన్సుకు అనర్హత ఉన్నాయి. మోసం చేసే ఉద్దేశంతో పోలీసు గుర్తులు, నీలం లైట్లు పెట్టుకుని తిరిగితే అది మోటారు చట్టంతో ఆగదు. ప్రభుత్వ ఉద్యోగిగా నటించడం న్యాయ సంహిత 204వ సెక్షన్ కింద నేరం, దానికి కనీసం ఆరు నెలలు, గరిష్ఠంగా మూడేళ్ల జైలు ఉంది.

అర్హత ఉన్న అంబులెన్సే, ఆమోదం మాత్రం లేదంటే విప్పనక్కర్లేకుండా సరిదిద్దుకునే వీలుంది. కంపెనీ బిగించిన పరికరమా, తర్వాత పెట్టించినదా ముందు తేల్చుకోండి. కంపెనీదైతే ఐదో అడుగులోని అర్జీ రేపే పెట్టండి. తర్వాత పెట్టించినదైతే, ఏఐఎస్-125 బండికి వచ్చే పరికరంతో సరిపోల్చి, అదనంగా ఉన్న రంగులూ స్వరాలూ తీసేయించి, కొత్తగా ఫొటోలు తీసి అప్పుడు అర్జీ ఇవ్వండి. ఫిట్‌నెస్ గడువు దగ్గరపడేదాకా ఆగకండి. ఆ వారంలో బండి రోడ్డు మీద ఉండకపోతే ఊళ్లో ఎవరికైనా గుండెపోటు వచ్చినప్పుడు పిలవడానికి ఏ బండీ మిగలకపోవచ్చు. అర్జీ నడుస్తున్నన్ని రోజులు ఎవరికి ఫోన్ చేయాలో, 108 కాకుండా పక్క ఊళ్లో ఇంకెవరి అంబులెన్స్ ఉందో ఆ నంబర్లు ఊరి పంచాయతీ గోడ మీద రాయించి ఉంచండి.